మా నాయన చేసిన మోడాలు

...అని పేరు మాత్రం రాసి నిన్న ఆడికే ఆపేసినా. ఫోన్ అమ్మ దగ్గర ఉండాది, అందుకే ముందు నోట్‌బుక్‌లో రాసుకుంటా ఉండా. తర్వాత పేరు లేని నా అకౌంట్‌లో పెడతా. మీరెవరూ నన్ను ఎరగరు కదా... అదే ధైర్యం.

మా చిన్నప్పుడు... అంటే నేను యూకేజీలో ఉన్నప్పుడు... మా నాయన ఆకాశంలో మోడాలు చేసేవాడు.

నిజంగా అట్లే నమ్మినా! బొమ్మసంద్రలో బట్టలకు రంగులేసే ఒక ఫ్యాక్టరీలో నాయనది బాయిలర్ పని. అమ్మతో కలిసి నాయనకు అన్నం డబ్బా ఇచ్చేదానికి పోతే, వాచ్‌మన్ మునియప్ప మామ గేటుకు అడ్డం నిలబడేవాడు.

"ఏం పాపా, ఈ పొద్దు మీ నాయనకు ఎన్ని మోడాలు ఆర్డరొచ్చినాయి?"

"నూరు!"

"అయితే నేను గొడుగు తెచ్చుకోవాల్సిందే అప్పా" అని సలాం కొట్టి గేటు తీసేవాడు.

లోపల నాయన పొయ్యిలోకి కట్టెలు తోస్తా ఉంటాడు... పొడుగు చిమ్నీలోంచి పొగ లేస్తాది... పైకి పోయి మోడాల్లో కలిసిపోతాది. ఇంక డౌట్ ఎందుకు? "మీ ఫాదర్ ఏం చేస్తారు" అని మిస్ అడిగితే "క్లౌడ్స్ చేస్తాడు" అనినా. క్లాసంతా చప్పట్లు.

మేము దొడ్డబళ్ళాపురం నేతోళ్ళం. తాత మగ్గాలు ఆగిపోయినాక నాయన ఈడికి వచ్చేసినాడు. కానీ ఒక అలవాటు వదల్లేదు. మగ్గం ఇంట్లో గాలి ఎండిపోతే పట్టు పోగులు పటపటా తెగిపోతాయి... అందుకని ఎండాకాలం కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టేవాళ్ళు. మరీ తడి ఎక్కువైనా కష్టమే, పోగులు అతుక్కుంటాయి. మా రేకుల ఇంట్లో మగ్గం లేదు... అయినా నాయన ప్రతి ఎండాకాలం కిటికీకి పట్టా కడతాడు.

బకెట్‌లో ముంచేది నా పని. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని పిండేవాళ్ళం. నా గౌనంతా నీళ్ళే...

"చాలు చాలు, గాలికి జలుబు చేస్తాది పాపా" అని నవ్వేవాడు.

ఈ సంవత్సరం సైన్స్ మిస్ ప్లానెట్స్ గాలి గురించి చెప్పింది. వీనస్ సూర్యుడికి మెర్క్యురీ కంటే దూరమే... అయినా దానికంటే వేడంట. కార్బన్ డయాక్సైడ్ అంత మందంగా పట్టేసి వేడిని బయటికి పోనీదంట. ఆడా మోడాలుండాయి, కానీ నీళ్ళవి కాదు, యాసిడ్‌వి. మార్స్ మీదా అదే గాలి... కానీ శానా పలచన, వేడి నిలవదు.

నాకు తాత మగ్గం ఇల్లే గుర్తొచ్చింది. ఎక్కువైనా తంటా, తక్కువైనా తంటా. మన భూమికి సరిగ్గా కుదిరింది... దాన్ని మనమే చెడగొడతా ఉండామంట. బొగ్గు, పెట్రోలు కాల్చేది, అడవులు కొట్టేది, ఫ్యాక్టరీలు... మిస్ బోర్డు మీద రాస్తా ఉంటే నాకు నాయన చిమ్నీనే కనపడింది. కంటికి కనపడే నల్ల పొగ ఒకటే కాదంట, కనపడని గాలే వేడిని పట్టుకునేది.

ప్రాజెక్ట్‌కు చిమ్నీ ఫోటో కావాలని, అమ్మ ఫోన్ తీసుకుని ఫ్యాక్టరీకే పోయి నాయనను అడిగినా. గేటు తీసింది మునియప్ప మామే.

"నా పని మీదనా ప్రాజెక్టు?" అని తల దువ్వుకున్నాడు. పొగ బాగా కనపడాలని ఇంకొన్ని కట్టెలు తోసి వచ్చి, చిమ్నీ ముందర నిలబడినాడు.

"మోడం పడిందా పాపా ఫోటోలో?"

పడింది. ప్రింట్ తీయించి ఇంటికొచ్చి, కత్తెరతో నాయనను కత్తిరించేసినా. చిమ్నీ ఒకటే చార్ట్ మీద అతికించి, పైన 'కారణాలు' అని ఇంగ్లీష్‌లో పెద్దగా రాసినా. మా నాయన అని ఎవరికీ తెలీకూడదని. ఏసీ కార్లలో వచ్చే పిల్లోళ్ళు ఎవరూ వాళ్ళ నాయన కారు ఫోటో అతికించలేదు... అది నాకు తర్వాత తోచింది.

ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. చూసేదానికి వచ్చిన పేరెంట్ ఎవరో ఆ ఫోటోను వాట్సాప్‌లో పెట్టేసినారు. అందులో ఫ్యాక్టరీ బోర్డు కూడా కనపడతా ఉండాది... నేను చూసుకోలేదు.

పోయిన వారం ఆ ఫోటో చూసి పొల్యూషన్ ఆఫీసర్లు వచ్చి బాయిలర్‌కు సీల్ వేసినారు. పెద్ద గలాటా. "ఫోటో తీసినోళ్ళను లోపలికి వదిలింది ఎవరు?" అని ఓనరు అరిచి, మునియప్ప మామను పనిలోంచి తీసేసినాడు. మామకు తెలుసు, వదిలింది నన్నేనని. నా పేరు మాత్రం చెప్పలేదంట.

నేను నిజం చెప్తే మామకు పని వస్తాది... నాయన పని పోతాది. చెప్పకపోతే... మామ సలాం కొట్టేది కండ్ల ముందరే ఉండాది.

బాయిలర్ ఆగినప్పటి నుంచి, నాలుగు రోజులుగా నాయన ఇంట్లోనే ఉండాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయనకు తెలుసా, తెలీదా... అదే భయం. తిట్టినా బాగుండు.

మీరు చిన్నప్పుడు మోడాలు చూసి ఏమనుకునేవాళ్ళు? ఎవరు చేస్తారనుకునేవాళ్ళు? రాయండి, చదువుతా... నేనైతే ఇప్పుడు తలెత్తి చూడలేకపోతా ఉండా. అప్పుడు నూరు మోడాలని ఎంత గట్టిగా చెప్పేదాన్నో...

తలుపు కొడతా ఉండారు.

నాయనే. "పాపా, పట్టా ఎండిపోయింది. రెండో కొస పట్టుకునేదానికి మనిషి కావాల... ఆ రాసేది తర్వాత రాసుకో, రా."

రాస్తా ఉండానని ఎట్ల తెలిసింది? పేజీలు పరుపు కిందికి... వస్తా ఉండా నాయనా...