చింతగింజ అవును, కుంకుడుగింజ కాదు

పద్మనాభయ్య సారుకి ఉన్నది ఒకటే జబ్బు. నలుగురి అభిప్రాయం తెలుసుకోకుండా ఆయన ఏ పనీ చేయరు. విడవలూరు దగ్గర ఆ చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆయనకు ఊరంతా ఓటర్లుగా కనపడటం మొదలైంది. కొత్త చెప్పులు కొనాలా, పాతవి కుట్టించుకోవాలా అని ఒకసారి బజారంతా తిరిగి నూట నాలుగు ఓట్లు సేకరించారు. ఆ తిరుగుడుకి పాత చెప్పులు పూర్తిగా అరిగిపోయి సమస్య దానంతటదే తేలిపోయింది.

ఓటింగుకు ఆయన దగ్గర పాలపొడి డబ్బా ఒకటుంది. మూతకు చిల్లు. ఓటరు చేతికి రెండు గింజలిస్తారు. చింతగింజ అంటే అవును, కుంకుడుగింజ అంటే కాదు. నచ్చింది డబ్బాలో వేసి, రెండోది పక్కనున్న గుడ్డసంచిలో పడేయాలి. ఓటు వేసేటప్పుడు సారు గోడవైపు తిరిగి నిలబడి, పైగా కళ్ళు కూడా మూసుకుంటారు.

ఇంట్లోనూ అదే పద్ధతి. ఇందిరమ్మ ఉప్మా చేస్తానంటే డబ్బా బయటికి వస్తుంది.

"ఇంట్లో ఉండేది ఇద్దరం. ఎవురేసినారో తెలవకుండా పోతాదా?" అని ఆమె గరిటె పట్టుకుని అడిగేది.

"రహస్యం ఇందిరా, రహస్యం! ఉప్మా వద్దన్నది ఎవరో నాకు తెలియకూడదు" అని ఆయన గోడతో చెప్పేవారు.

ఈ సారుగారి దగ్గరికి పెంచలకృష్ణ తుపాకీ లైసెన్సు దరఖాస్తు పట్టుకుని రావడంతో అసలు కథ మొదలైంది.

పెంచలకృష్ణ ఆరడుగుల మనిషి, ఆ మనిషికి తగ్గ మీసం. ఊరి చివర ఆరెకరాల వరి, ఒక బోరు మోటారు. రెండు నెలలుగా ఎవరో దొంగలు పొలాల్లో స్టార్టర్లూ, రాగి తీగా ఎత్తుకుపోతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వస్తే చీకట్లో పోయి మోటారు వేసి రావాలి. అదీ అసలు చిక్కు. ఆ మీసం వెనకాల పెంచలకృష్ణకు చచ్చేంత భయం. మోటారు షెడ్డు దగ్గరికి పోతూ, "ఒరే వెంకటేషూ, ఆ టార్చి ఇట్టా తేరా! ఆ గొడ్డలి గూడా తేరా!" అని గట్టిగా అరుస్తాడు. వెంకటేషు అనేవాడు లేడు. గొడ్డలి కూడా లేదు. ఊళ్ళో ఇంతమంది మగవాళ్ళు, ఆడవాళ్ళు హాయిగా పోయి వస్తుంటే తానొక్కడే ఇలా పుట్టాడేమిటని అతను లోపల్లోపల కుమిలిపోతుంటాడు. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే మీసం తీసేయడం తప్ప దారి లేదని అతని నమ్మకం.

"అడివి పందులకి సార్, తుపాకీ" అన్నాడు కాగితం చూపిస్తూ. "మీరు ఇంగ్లీషులో రాసిపెట్టాల."

"రాస్తాను. కానీ రేపో మాపో విచారణకు కానిస్టేబుల్ వస్తాడు, ఊరి మాట అడుగుతాడు. ఊరి అభిప్రాయం ఏమిటో మనకు ముందే తెలియొద్దూ?" అంటూ సారు డబ్బా అందుకున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం ఎలిశబెతు టీ అంగడి ముందు మోటార్లున్న రైతులు అరవై ముగ్గురూ పోగయ్యారు. ఓటింగుకు ముందు చర్చ ఉండాలని సారు నియమం.

"చర్చేంది సార్! కాల్చి పారేయాల!" అన్నాడు రాజ్ కుమార్ టీ గ్లాసు ఎత్తి.

అరవై దాటిన మస్తానమ్మ ముందుకొచ్చింది. "సార్, నా పొలంలోకి దొంగ వస్తే నేను కొట్టొచ్చా, కొట్టకూడదా? అది చెప్పండి ముందు."

"ఆత్మరక్షణకు కొట్టొచ్చమ్మా. అయితే అవసరమైనంత వరకే అంటుంది చట్టం."

"అంటే ఎన్ని దెబ్బలు?"

"అది పరిస్థితిని బట్టి ఉంటుంది."

"నాలుగింటికి చీకట్లో దొంగే సరిగ్గా కనపడడు, ఇంక పరిస్థితి యాడ కనపడతాది సార్?"

సారు డబ్బా ముందుకు లాక్కున్నారు. గబగబా ఓటింగు మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న: రైతుకు రక్షణగా తుపాకీ ఉండాలా? డబ్బా బోర్లిస్తే అరవై మూడూ చింతగింజలే. పెంచలకృష్ణ మీసం మెలేశాడు.

"రెండో ప్రశ్న. మీ పక్క పొలం ఆయనకు తుపాకీ ఉండాలా?"

ఈసారి డబ్బాలోంచి బొలబొలమని కుంకుడుగింజలు రాలాయి. అరవై రెండు. చింతగింజ ఒక్కటే.

"ఆ ఒకటి నాది సార్!" అన్నాడు సమాధానం అనే రైతు చెయ్యెత్తి. "నా పక్క చేను పాస్టరు గారిది. ఆయన చేతిలో తుపాకీ ఉంటే ఆదివారం ప్రార్థనకి ఒక్కడు గూడా ఆలస్యంగా రాడు."

"రహస్యం నాయనా, రహస్యం!" అని సారు చెవులు మూసుకున్నారు.

ఎవరి పొలానికైనా పక్క పొలం ఉంటుంది కాబట్టి, ఊళ్ళో ఎవరికీ తుపాకీ ఉండకూడదని తేలింది. ఎవరికి వారికి మాత్రం ఉండి తీరాలి. ఇది విని పెంచలకృష్ణ ముఖం మాడిపోయింది. తన మీద ఊరికి ఇంత నమ్మకమా అనుకున్నాడు. తాను కూడా తన పక్క చేను సమాధానాన్ని తల్చుకుని కుంకుడుగింజే వేశాడన్న సంగతి ఆ బాధలో అతనికి గుర్తు రాలేదు.

"ఇంకొక్క ప్రశ్న మిగిలింది" అన్నారు సారు. "అది నేనే ఇంటింటికీ వచ్చి అడుగుతాను."

మర్నాడు పొద్దున్నే డబ్బా, సంచి చంకన పెట్టుకుని ఆయన పెంచలకృష్ణ ఇంటి పంచలో దిగారు.

"నీ మోటారు కాడ వెంకటేషు అని ఒకడున్నాడంట గదా. వాడికి ఓటుందా?" అన్నారు సారు. ఆయనకూ అప్పుడప్పుడు నెల్లూరు యాస దొర్లుతుంది.

పెంచలకృష్ణ మీసం సవరించుకున్నాడు. "వాడు... వాడు బుచ్చిరెడ్డిపాలెం పొయ్యినాడు సార్."

"మంచిది. అయితే నువ్వే వెయ్యి. ప్రశ్న ఇదీ: చీకట్లో ఒంటరిగా మోటారు దగ్గరికి పోవాలంటే నీకు భయమా?"

సారు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. పెంచలకృష్ణ అరచేతిలో రెండు గింజలు. ఎవరూ చూడటం లేదు. నిజం వేస్తే ప్రపంచంలో ఎవరికీ తెలియదు. చింతగింజ దాకా వేలు పోయింది. అంతలో ఎదురుగా అద్దంలో తన మీసం కనపడింది. చటుక్కున కుంకుడుగింజ డబ్బాలో పడేశాడు. వేసిన మరుక్షణం నుంచి అతనికి అన్నం సయించలేదు. డబ్బాలో అన్నీ కుంకుడుగింజలే ఉంటాయి, ఒక్క చింతగింజైనా తాను వేసి ఉంటే బాగుండేది అని ఒకసారి, వేయకపోవడమే మంచిదైందని ఒకసారి, రోజంతా అదే రంధి.

సాయంత్రం అంగడి ముందు సారు డబ్బా మూత తీసి, గింజలు ఒక్కొక్కటే చాప మీద పేర్చారు. లెక్క పెట్టి లేచి నిలబడ్డారు.

"భయం ఉందన్నవాళ్ళు అరవై ముగ్గురు. లేదన్నవాళ్ళు ఎవరూ లేరు."

రాజ్ కుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత మస్తానమ్మ పకపకా నవ్వింది.

"నేను ఒక్కదాన్నే అనుకున్నానే! తోడుకని రోజూ బర్రెని తోలుకపోతుండా. అది నాకంటే పిరికిది, గట్టు దాటనంటాది!"

"నేను ఫోనులో పాటలు పెట్టుకుని గట్టిగా పాడతా" అన్నాడు రాజ్ కుమార్ నేల చూపులు చూస్తూ.

"ఆ పాడేది నువ్వా? నేను దెయ్యమనుకుని రెండు రోజులు నీళ్ళే పెట్టలేదు గదయ్యా!" అని సమాధానం తల పట్టుకున్నాడు.

ఇక నవ్వులే నవ్వులు. ఎవరి పిరికితనం వాళ్ళు పోటీపడి చెప్పుకున్నారు. ఆ ఊపులోనే ఒక ఏర్పాటు జరిగిపోయింది. మోటారుకు ఇద్దరు చొప్పున జతలు. ఈ చేనుకు నేనొస్తా, ఆ చేనుకు నువ్వు రా. ఎలిశబెతు మూడున్నరకే టీ పెడతానంది. తుపాకీ మాట ఎవరికీ గుర్తు లేదు.

నవ్వనివాడు పెంచలకృష్ణ ఒక్కడే. అరవై మూడు ఎట్లా అవుతాయి? తన కుంకుడుగింజ ఎక్కడికి పోయింది? అందరూ వెళ్ళేదాకా ఆగి, సారు వెనకాలే ఆయన ఇంటికి పోయాడు.

"సార్, లెక్క తప్పినట్టుండాది."

"నా లెక్కా? ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినాను. ఎట్లా తప్పుతుంది?"

పెంచలకృష్ణ జేబులోని దరఖాస్తు తీసి చేతిలో నలిపాడు. ఎట్లాగో చెప్పాలంటే తన ఓటు చెప్పాలి. సారు లోపలి గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"నీతో గాబట్టి చెప్తుండా. కుంకుడుగింజ ఒకటి ఉన్నింది. చాప మీద పెట్టకుండా గుప్పిట్లోనే దాచినాను. ఇన్నేళ్ళలో తప్పుడు లెక్క చెప్పడం ఇదే మొదలు. ఏం చేసేది? ఊరంతా భయపడుతుంటే భయం లేనివాడు ఒక్కడున్నాడని తెలిస్తే ఊరుకుంటారా? వాడెవడో పట్టుకుని, అరవై రెండు మోటార్లకూ వాడినే ఒంటరిగా కాపలా పెడతారు. పాపం, వాడెవడో గానీ."

పెంచలకృష్ణకు అరవై రెండు షెడ్లూ వరసగా కళ్ళముందు తిరిగాయి. అరుగు మీద కూలబడ్డాడు.

"శానా మంచి పని చేసినారు సార్" అన్నాడు. "వాడి తరఫున నేను చెప్తుండా."

"ఎవరి తరఫున?"

"వాడే సార్. ఎవడో."

సారు తల పంకించారు. పెంచలకృష్ణ దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. పోబోతూ ఆగాడు. "సార్, అందరికీ జతలు కుదిరినాయి. నేను ఆడ నోరు తెరవకుండా కూర్చున్నా. నాకు ఎవురూ మిగల్లేదు."

"నేను మిగిలినాను గదా."

"మీకు మోటారు యాడుండాది సార్? పొలమే లేదు!"

"మోటారు లేకపోతే భయం ఉండకూడదా? తెల్లవారుజామున నడవమన్నాడు డాక్టరు. చీకటంటే నాకు ఒణుకు, ఇందిరతో చెప్పాలంటే సిగ్గు. నువ్వు ధైర్యస్తుడివి, నీ తోడుంటే రోజూ ఆరెకరాల దాకా వచ్చి పోతాను. ముందు నువ్వు నడుస్తావా, నన్ను నడవమంటావా? నీ అభిప్రాయం ఏమిటి?"

పెంచలకృష్ణ జీవితంలో మొదటిసారి గింజ అవసరం లేకుండా నిజం చెప్పాడు.

"పక్కపక్కనే పోదాం సార్. చెయ్యి పట్టుకుని."