మూడు డిస్కుల పంపకం

2005 వేసవిలో మా కంపెనీ నన్ను బెంగళూరు నుంచి మదనపల్లె సర్వీసు కేంద్రానికి బదిలీ చేసింది. హోదా సీనియర్ సర్వీసు ఇంజినీరు. కేంద్రం అంటే బస్టాండు వెనక ఒక గది, ఒక టెలిఫోను, నేను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మధ్యలో ఉన్న పడమటి మండలాలన్నీ నా పరిధి. చెడిపోయిన సర్వర్లను బాగుచేయడం, బాగుకాకపోతే లోపలి సమాచారాన్నయినా బయటికి తీయడం నా పని. ఈ రెండోదాన్ని మా వృత్తిలో డేటా రికవరీ అంటారు. కస్టమరు ఫోనులో చెప్పిన బాధను ‘కాల్ స్లిప్పు’ అనే కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకుని బయలుదేరడం పద్ధతి.

ఒకరోజు కాల్ స్లిప్పు మీద నేను రాసుకున్న వాక్యం: ‘సర్వర్ ఆన్ అవుతోంది, లోపల ఏమీ లేదు.’

పిలిచింది మదనపల్లెలోని ఒక కలర్ ల్యాబు. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి ఆల్బములు వేసే దుకాణం. ముగ్గురు అన్నదమ్ములది. పెద్దవాడు రెడ్డెప్ప మదనపల్లెలో, నడిపివాడు మునెప్ప పుంగనూరులో, చిన్నవాడు గంగులప్ప కుప్పంలో కూర్చునేవారు. మూడు ఊళ్ళ ఫోటోలూ మదనపల్లె సర్వరులోకే ఎక్కేవి. ఎక్కించగానే కెమెరా కార్డు తుడిచి తర్వాతి పెళ్ళికి పట్టుకుపోయేవారు. అంటే ఆ ఫోటోలకు లోకంలో వేరే ప్రతి లేదు.

నేను మూత తీసి చూశాను. లోపల నిజంగానే ఏమీ లేదు. మూడు హార్డ్ డిస్కులు ఉండవలసిన మూడు అరలూ ఖాళీ.

“డిస్కులు ఏవండీ?” అని అడిగాను.

“పంచుకున్న్యాం మేడమ్మా” అన్నాడు రెడ్డెప్ప, అందులో అడగడానికి ఏముందన్నట్టు.

జరిగింది ఇది. అంతకు కొన్ని వారాల ముందు అన్నదమ్ములు వేరుపడ్డారు. వాళ్ళ ఊరి పెద్దమనిషి చౌడప్ప గారు పంపకాలు చేశాడు. ఆయన జీవితమంతా చేలూ, బావులూ, గొర్రెల మందలూ పంచిన మనిషి. దుకాణాలు ఎవరి ఊరిది వాళ్ళకు పోయాయి. కెమెరాలు, లైట్లు, గొడుగులు సరిపోయాయి. చివరికి సర్వర్ దగ్గర ఆగారు. ఎవరో మూత తీశారు. లోపల మూడు డిస్కులు. అన్నదమ్ములు ముగ్గురు. అంత సుళువైన పంపకం తన జన్మలో చెయ్యలేదని చౌడప్ప గారే తర్వాత నాతో అన్నాడు. చీట్లు వేసి తలా ఒకటి ఇచ్చేశారు.

ఎవరి డిస్కులో వాళ్ళ ఊరి పెళ్ళిళ్ళు ఉంటాయని, చీట్లలో తారుమారైతే తర్వాత మార్చుకోవచ్చని అనుకున్నారు. మునెప్ప తన డిస్కును పుంగనూరులో ఒక కంప్యూటరు షాపుకు తీసుకుపోతే, వాళ్ళు తగిలించి చూసి ఖాళీ అన్నారు. అన్న తనకు వట్టి డిస్కు అంటగట్టాడని మునెప్ప నిర్ణయించుకున్నాడు. రెడ్డెప్పదీ ఖాళీగానే కనిపించింది. తమ్ముళ్ళు ముందే అంతా తోడుకుని పోయారని ఆయన అభిప్రాయం. గంగులప్ప తన డిస్కును ఎవరికీ చూపించలేదు. ముగ్గురూ మాటలు మానేశారు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. ఇలాంటి సర్వర్లలో ఒక ఫోటో ఒక డిస్కులో ఉండదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి డిస్కులన్నిటి మీదా వరసగా చల్లుతారు. రెండు ముక్కలు రెండు డిస్కుల్లో పడితే, మూడోదాంట్లో ఆ రెంటినీ కలిపిన మొత్తం లాంటిది ఒకటి రాస్తారు. ఒక డిస్కు చచ్చిపోయినా మిగిలిన రెండింటి నుంచి దాన్ని లెక్కగట్టి తెచ్చుకోవచ్చు. ఆ ‘మొత్తం’ కూడా ఒకే డిస్కులో ఉండిపోదు, ఒక్కో వరసకు ఒక్కోదాంట్లోకి మారుతుంది. కాబట్టి ఏ రెండు ఉన్నా అంతా ఉన్నట్టు. ఒక్కటే ఉంటే ఏమీ లేనట్టు. ఈ ఏర్పాటును రెయిడ్ అంటారు. రెడ్డెప్ప ఫోను చేయించి తమ్ముళ్ళనూ చౌడప్ప గారినీ పిలిపించిన రోజు, “ఇది రెయిడ్” అని నేను మొదలుపెట్టగానే మునెప్ప లేచి వీధి వాకిలి వైపు చూశాడు.

పోలీసుల సంగతి కాదని చెప్పి కూర్చోబెట్టి అంతా వివరించాను. శ్రద్ధగా విన్నారు. అయితే వాళ్ళకు అర్థమైంది నేను చెప్పింది కాదు. ఏ ఇద్దరు కలిసినా మూడోవాడితో పని లేదని అర్థమైంది. ఆ క్షణం నుంచి మిగతా ఇద్దరూ ఎక్కడ కలుస్తారోనని ముగ్గురికీ భయం పట్టుకుంది. నిన్నటిదాకా ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఇప్పుడు ఒకరినొకరు కంటికి కనబడనంత దూరం పోనివ్వలేదు. మునెప్ప టీ తాగడానికి లేస్తే గంగులప్పా లేచాడు.

నేను కాల్ స్లిప్పు మూసి తిరిగి వెళ్ళిపోయేదాన్నే. నియమం ప్రకారం డిస్కులు చేతికి ఇవ్వని కస్టమరు దగ్గర మాకు పని లేదు. ఆపింది నాగరత్న.

ఆమెది కలకడ దగ్గర పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. వేసవిలో పెళ్ళయింది, ఫోటోలు తీసింది ఈ ల్యాబువాళ్ళే. పెళ్ళయిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. దినాలకు పెట్టడానికి ఫోటో కావాలి. ఆ తల్లి బతికినన్నాళ్ళూ కెమెరా ముందు నిలబడిన మనిషి కాదు, కూతురి పెళ్ళిలో తప్పించుకోలేక ఏదో ఒక ఫోటోలో పడి ఉంటుంది. నాగరత్న రోజూ బస్సెక్కి ల్యాబుకు వచ్చి బెంచీ మీద కూర్చునేది. గొడవ పడేది కాదు. అడిగి, లేదంటే వెళ్ళిపోయేది.

ఆ రోజు అన్నదమ్ముల వాదన అంతా విన్నాక లేచి నిలబడింది.

“అయితే మాయమ్మను గూడా మూడు ముక్కలు చేసి తలా ఒకటి పెట్టుకోనుండారా అప్పా?” అంది.

సాంకేతికంగా ఆమె చెప్పింది సరిగ్గా నిజం.

చౌడప్ప గారు గొంతు సవరించుకున్నాడు. “పంచింది నేను. కలిపేది గూడా నేనే. డిస్కులు ఒకతాన పెట్టండి. యాడ పెడతారో చెప్పండి.”

అక్కడే చిక్కు వచ్చింది. మదనపల్లె అంటే అన్న ఊరు, తమ్ముళ్ళు ఒప్పుకోలేదు. పుంగనూరు నడిపివాడిది. కుప్పం చిన్నవాడిది. నా సర్వీసు కేంద్రమైతే అదీ మదనపల్లెలోనే ఉంది కదా అన్నారు. అంగళ్లులో కాలేజీ ల్యాబు అడుగుదామంటే రెడ్డెప్ప బావమరిది ఆ ఊళ్ళో ఉన్నాడని మునెప్పకు గుర్తొచ్చింది. చివరికి ముగ్గురికీ చెందని చోటు హార్స్లీ హిల్స్ అని తేల్చారు. కొండ మీద ఒక అతిథి గృహంలో గది తీసుకున్నారు. సర్వర్లకు చల్లదనం మంచిదే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. ‘పని జరిగే స్థలం’ అనే గడిలో హార్స్లీ హిల్స్ అని రాసి పంపితే, సెలవు చీటీ వేరే ఫారంలో పెట్టాలని బెంగళూరు ఆఫీసు తిప్పి పంపింది.

అనుకున్న రోజు పొద్దున్నే సర్వరు పెట్టెతో సహా కొండెక్కాం. రెడ్డెప్ప డిస్కును బ్యాంకు లాకరులోంచి తెచ్చాడు. మునెప్పది ధాన్యం గాదెలో ఉండేదట, విదిలిస్తే రెండు వడ్లగింజలు రాలాయి. గంగులప్ప పట్టుగుడ్డ మూట విప్పాడు. డిస్కు మీద పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిరేకు.

“ఏం చేశారండీ దీన్ని?” అన్నాను.

“దేవునింట్లో పెట్టినాను. శుక్కురారం శుక్కురారం పసుపునీళ్ళతో కడిగి బొట్టు పెడతాండా” అన్నాడు. ఆయన ముఖంలో కల్మషం లేదు. ముగ్గురిలో డిస్కును అంత గౌరవంగా చూసుకున్నది ఆయనే. అడుగున ఉండే సర్క్యూటు పలక పచ్చగా తుప్పుపట్టి ఉంది. కరెంటు ఇచ్చి చూసే పరిస్థితి కూడా లేదు.

రెండు చాలు కాబట్టి నష్టం లేదని చెప్పాను. అది చెప్పడం మంచి చేయలేదు.

“ఆ డిస్కు పనికిరాదంటే వానికి దీంట్లో భాగం యాల?” అన్నాడు రెడ్డెప్ప.

“నా డిస్కు పెట్టకుండా తెరిస్తే ఒప్పుకోను. రేపు మీ దయతో నా ఫోటోలు నేను తీసుకోవాల్నా?” అని గంగులప్ప సర్వరు పెట్టె మీద చెయ్యి వేశాడు.

మా శిక్షణలో ఇలాంటి స్థితికి ఏ సూచనా లేదు. చౌడప్ప గారు లేచి, మంచు లోపలికి రాకుండా కిటికీ మూశాడు. తర్వాత నన్నడిగాడు. “మేడమ్మా, దాన్ని పెట్టెలో ఉత్తగా కూర్చోబెడితే ఏమన్నా చెడుపా?”

తీగ తగిలించకపోతే ఏమీ కాదన్నాను.

“అట్లయితే కూర్చోబెట్టు. పెండ్లిలో ముసలోళ్ళు పనిచేస్తారా ఏంది? పందిట్లో కూర్చోనుంటారు. ల్యాకపోతే పెండ్లి కాదు.”

పసుపు బొట్టుతోనే ఆ డిస్కును ఒక అరలో అమర్చాను. తీగ లేదని అందరికీ కనబడుతోంది. గంగులప్ప వంగి చూసి, తృప్తిపడి, చెయ్యి తీశాడు.

తర్వాతి పని ప్రతులు తీయడం. అసలు డిస్కుల మీద ఎప్పుడూ పని చేయకూడదు. ముందు వాటిని అక్షరం పొల్లుపోకుండా కొత్త డిస్కుల మీదికి ఎక్కించి, అసలువి పక్కన పెట్టి, ప్రతుల మీదే ప్రయోగాలు చేయాలి. దీనికి చాలాసేపు పడుతుంది. తెర మీద ఒక పచ్చగీత నెమ్మదిగా పెరుగుతుంటే అన్నదమ్ములు ముగ్గురూ కుర్చీలు దగ్గరికి లాక్కుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఒకరు కన్నార్పితే మరొకరు అనుమానంగా చూశారు. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కూతపెడుతుంటే ముగ్గురూ ఒకేసారి అరిచి, ఒకేసారి పరుగెత్తి, జనరేటరు దగ్గర కలిసి తాడు లాగారు. వేరుపడ్డ తర్వాత వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదే అనుకుంటాను.

ప్రతులు సిద్ధమయ్యాక వరస కనుక్కోవాలి. ఏ డిస్కు ఏ అరలో ఉండేదో చీట్లు వేసినప్పుడు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. వరస తప్పితే ఫోటోలు పైన కొంచెం బాగుండి, కిందికొచ్చేసరికి చెదిరిపోతాయి. వయసు ప్రకారం పెట్టమన్నాడు రెడ్డెప్ప. పెట్టాను. ఒక పెళ్ళికూతురు గడ్డం దాకా వచ్చి, ఆ కిందంతా బూడిదరంగు.

“తలకాయ వచ్చిండాది. మొండెం యాడ?” అన్నాడు చౌడప్ప గారు.

వేరే వరసలో పెట్టాను. ఈసారి పందిరి మాత్రమే వచ్చింది. అలా ఒక్కో అమరికా ప్రయత్నించగా, చిన్నవాడి డిస్కు మొదటి అరలో, నడిపివాడిది రెండో అరలో, పెద్దవాడిది చివర అన్నప్పుడు పెళ్ళికూతురు పాదాల దాకా, మెట్టెలతో సహా వచ్చింది. రెడ్డెప్ప ముఖం చిన్నబోయింది. “నేను కడగొట్టువాణ్ణా?” అన్నాడు. అది మిషను పెట్టుకున్న వరసే తప్ప ఇంటి వరస కాదని చెప్పాను. గంగులప్ప మాత్రం తీగ లేని తన డిస్కు వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

నాగరత్నా ఆమె భర్తా మధ్యాహ్నం బస్సులో కొండకు వచ్చారు. వాళ్ళ పెళ్ళి ఫోల్డరు తెరిచాం. తల్లి చాలా ఫోటోల్లో ఉంది, ఒక్కదాంట్లోనూ ముఖం లేదు. ఒకచోట వీపు, ఒకచోట కొంగు, ఒకచోట స్తంభం వెనక మోచెయ్యి. ఒక్కొక్కటే జరిపాను. దాదాపు చివర్లో భోజనాల పంక్తి వచ్చింది. తెర నిండా ఒక ఆడమనిషి. చేతిలో గరిటె, నుదుట చెమట, నోరు పెద్దగా తెరిచి కెమెరాను తిడుతోంది.

గంగులప్ప ముందుకు వంగాడు. ఆ పెళ్ళికి ఫోటోలు తీసింది ఆయనే. “నన్నే తిడతాండాది. పొద్దున్నించి ఫోటోలు తీస్తాండావు, ముద్ద ముట్టలేదు, ఆ డబ్బా కింద పెట్టి వచ్చి కూర్చో అని. కూర్చునేదాకా వదల్లా.”

నేను జాగ్రత్తగా, నోరు మూసుకున్నది ఇంకేదైనా ఉందేమో చూద్దామన్నాను.

“వద్దమ్మా” అంది నాగరత్న. “మాయమ్మ ఇట్లనే ఉంటాది. నోరు మూసుకోనుంటే ఊళ్ళో ఎవురూ గుర్తుపట్టరు.” ఆ తర్వాత తెర దగ్గరికి వచ్చి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి, చాలాసేపు అక్కడే నిలబడింది. అన్నదమ్ములు ముగ్గురూ తలలు వంచుకున్నారు.

ఆ ఫోటో ఎవరి ల్యాబులో ప్రింటు వేయాలన్న దాని మీద కొండ దిగేలోపే మళ్ళీ తగాదా పడ్డారు. చివరికి ముగ్గురూ వేశారు. మూడు ఊళ్ళ నుంచి మూడు పటాలు, మూడు రకాల ఫ్రేములతో దినాలకు ముందే కలకడ చేరాయి. నాగరత్న ఒకటి పెట్టుకుని తక్కినవి అన్నకూ చెల్లెలికీ ఇచ్చింది. ఆ ఇళ్ళలో ఆ తల్లి ఇప్పటికీ గరిటె ఎత్తి తిడుతూనే ఉందని తర్వాత ఒకసారి ల్యాబుకు వచ్చినప్పుడు చెప్పింది. ఫోటోలన్నిటికీ నేను మూడు పూర్తి ప్రతులు చేసి అన్నదమ్ములకు ఇచ్చాను. వాళ్ళ వ్యాపారం మళ్ళీ ఒకటి కాలేదు, కానీ ఒకరికొకరు ఫోను చేసుకోవడం మొదలుపెట్టారు.

కాల్ స్లిప్పులో ‘లోపానికి కారణం’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ‘పంపకాలు’ అని రాశాను. బెంగళూరు ఆఫీసు వివరణ అడిగింది. రెండు పేజీలు రాసి పంపాను. నమ్మారో లేదో తెలియదు.

ఆ ఉద్యోగంలో ఆ తర్వాత చాలా సర్వర్లు చూశాను. కాలిపోయినవి, తడిసినవి, ఎలుకలు కొరికినవి. ఆ పని నాకు నేర్పింది ఇదీ: రికవరీలో మొదటి మెట్టు డిస్కులను పరీక్షించడం కాదు, అవి ఎవరెవరి దగ్గర ఉన్నాయో, ఆ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారో లేదో తెలుసుకోవడం. మాట్లాడుకోకపోతే ముందు ఒక గది చూడాలి. ఆ గదిలో అందరికీ కుర్చీలు ఉండాలి. స్క్రూడ్రైవరు ఆ తర్వాత తీయవచ్చు.