రెండో భాగం

మణుగూరులో మేమున్న కాలనీ లైబ్రేరియన్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అడిగిన పుస్తకం ఏనాడూ ఇచ్చేవాడు కాదు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, మనిషిని పైనుంచి కిందికి చూసి, "నీ వయసుకు గిది కాదు" అనేవాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు నీతికథలు, పెళ్లయిన ఆడవాళ్లకు ఏ కాలమైనా వంటల పుస్తకాలు, వానాకాలం ముసురులో ముసలివాళ్లకు మోక్షమార్గాలు. అదంతా మన మేలు కోసమేనని ఆయన నమ్మకం.

ఆయన సెలవులో ఉన్న రోజు మా అమ్మ ఒక డిటెక్టివ్ నవల మొదటి భాగం తెచ్చుకుని, ముసురు విడిచేలోగా చదివేసింది. రెండో భాగం కోసం పోతే సీట్లో ఆయనే ఉన్నాడు.

"గీ వయసుల హత్యలెందుకమ్మా? గిది చదువు, మనసు నిమ్మళమైతది" అని మోక్షం పుస్తకం చేతిలో పెట్టాడు.

ఆ వానల్లోనే అమ్మకు జబ్బు చేసింది. భద్రాచలం దవాఖానాలో మంచం మీద, "చంపిందెవరో తెల్వకపాయె బిడ్డా" అంది. నేను ఆ రెండో భాగం వెతికి తెచ్చేలోపే అమ్మ పోయింది.

మొన్న బస్టాండులో ఆయన కనిపించాడు.

"అమ్మ పోయిందని తెల్సింది. నేనిచ్చిన పుస్తకం చదివిందా?" అని ఆప్యాయంగా అడిగాడు.

"లేదు. చంపిందెవరని ఆఖరిదాకా అడిగింది" అన్నాను.

"ఇంకెవరు, వకీలే" అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా.

వయసులో మా అమ్మకంటే ఆయనే పెద్ద.