చిన్న తెర మీద కనిపించిన మనిషి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. మా ఇంట్లో ప్రార్థన చేస్తారు, అది వేరు. తెర మీద ఏదైనా తప్పుగా కనిపిస్తే దానికి కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని అనుకునే ఉద్యోగం నాది.

కరీంనగర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. ఒకే పేజీని కంప్యూటర్‌లో, ట్యాబ్‌లో, రకరకాల ఫోన్లలో తెరిచి, అక్షరాలు చెదిరిపోతున్నాయా, ఫోటోలు తెగిపోతున్నాయా అని చూడటం నా పని.

మా తమ్ముడు ఉట్నూర్ దగ్గర ఒక బడిలో టీచర్. బైక్ ప్రమాదంలో పోయాడు. బాపు పోయాక వాణ్ణి చదివించింది నేనే. వాడు నాకు చెప్పని సంగతి ఉండదని అందరితో అనేదాన్ని.

చొప్పదండిలో మా ఇంట్లోనే వాడి జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. చుట్టాలకు పంపడానికి వాడి ఫోటోతో ఒక పేజీ చేశాను. ఫోటో మంథనిలో గోదావరి ఒడ్డున నేను తీసిందే. అందులో వాడొక్కడే ఉన్నాడు.

ఆఫీసులో అలవాటు ప్రకారం ఆ పేజీని అన్నిట్లో చూశాను. ఒక పాత చిన్న ఫోన్‌లో తమ్ముడి పక్కన ఒకామె నిలబడి ఉంది. నేను వాడికి అల్లిన గోధుమరంగు స్వెట్టర్ వేసుకుంది. ఆ స్వెట్టర్ బస్సులో మర్చిపోయానని వాడు నాతో చెప్పాడు.

ఆ ఫోన్ ఆఫీసుది. తమ్ముడు ఎన్నడూ ముట్టుకోలేదు. పేజీ మూసి మళ్లీ తెరిచాను. ఆమె ఉంది. అంతే సైజు తెర ఉన్న ఇంకో ఫోన్‌లో లేదు. చిన్న తెరల కోసం పేజీలో వేరుగా పెట్టిన ఫోటో కాపీని కంప్యూటర్‌లో తెరిస్తే అందులోనూ లేదు. ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీశాను. అందులోనూ తమ్ముడొక్కడే.

ఫోన్ ఇంటికి తెచ్చి అవ్వకు చూపించాను. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, "కండ్లు మసకలు వడ్డయి బిడ్డా, నాకేం కనవడ్తలేదు" అంది.

కూడిక రోజు పొద్దున ఆమె వచ్చింది. అదే ముఖం. నేరుగా వంటింట్లో ఉన్న అవ్వ దగ్గరికి వెళ్లింది. అవ్వ ఆమెను పేరు పెట్టి పిలిచింది.

నిరుడు ఉట్నూర్‌లో ఆమెకూ తమ్ముడికీ పెళ్లి అయిందట. సువార్త సభలకని చెప్పి అవ్వ వెళ్లింది ఆ పెళ్లికేనట. తమ్ముణ్ణి మట్టి చేసిన రోజు కూడా ఆమె వచ్చి, బడి టీచర్ల మధ్య నిలబడిందట. ఆ రోజు నేను ఎవరి ముఖమూ చూడలేదు.

నాకెందుకు చెప్పలేదని అవ్వను అడిగాను.

"వాడే వద్దన్నడు. అక్క నా కోసమే పెండ్లి చేసుకోలే, ఏ ముఖం వెట్టుకొని చెప్పాలె అన్నడు. జర ఆగుండ్రి, నేనే చెప్త అన్నడు."

"మరి నువ్వు?"

అవ్వ ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది. పక్కనున్న చిన్నమ్మ నన్ను నవ్వించాలని చూసింది. "నువ్వు రాకపోవుడే మంచిదైంది బిడ్డా. గా పెండ్లిల కూరంత ఉప్పే." అంటే చిన్నమ్మ కూడా వెళ్లింది.

ఆమెను స్వెట్టర్ గురించి అడిగాను. "నా దగ్గర్నే ఉన్నది వదినె. చలికని ఆయననే ఇచ్చిండు" అంది. మంథని మాత్రం ఎన్నడూ చూడలేదంది.

ఆ పేజీలో తల్లి, అక్క అని రాసిన చోట, మా ఇద్దరి పైన, భార్య అని ఆమె పేరు చేర్చాను. చదివేవాళ్లలో చాలామందికి అది కొత్త సంగతి కాదు.

ఆఫీసుకు వెళ్లాక అన్ని తెరల మీదా మళ్లీ చూశాను. ఆ పాత ఫోన్‌లో ఆమె లేదు. తర్వాత కూడా కనిపించలేదు. నాకు తెలిసినవాళ్లందరినీ అడిగాను. అలా జరగడానికి వీల్లేదనే అన్నారు. నాకూ ఇప్పటిదాకా కారణం దొరకలేదు.

తమ్ముడే చూపించి ఉంటాడని అవ్వ అంటుంది. వాడు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నాకు ఫోన్ చేసి, గంటసేపు మాట్లాడేవాడు. పెళ్లి సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.