గంగవ్వ షెడ్డులో ఎర్తు తీగ

ఇది రాయొద్దనే అనుకున్నాను. సొంత తప్పు చాటుకోవడం ఎవరికి ఇష్టం?

పొద్దున బోధన్ అవతల గంగవ్వ పసుపు చేనుకు వెళ్లాను. మోటారు షెడ్డులో స్టార్టర్ ఉన్న ఇనుప డబ్బా షాక్ కొడుతోందట. మొన్న ఆమె కోడలు తడిచేత్తో ముట్టుకుని కిందపడింది. మోచెయ్యి ఇంకా వాచే ఉంది.

డబ్బాకు ఎర్తు తీగ ఉంది. కానీ షెడ్డు బల్బు తీగను కూడా దానికే కట్టారు. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ రాని చోట బల్బు వెలిగించే పాత ఉపాయమది. ఎండలకు ఆ తీగ పాతిన ఎర్తు గుంత ఎండిపోయిందంటే, బల్బు వేసినప్పుడల్లా కరెంటు నేలలోకి దిగక డబ్బా మీదికి వస్తుంది.

"గీ తెలివితక్కువ పని ఎవడు చేసిండు గంగవ్వా?" అన్నాను.

"ఎవడో ఎందుకు చేస్తడే అన్నా, నువ్వే! గప్పుడు బల్బు ఎలిగిందని నీకు చాయ గూడ పోస్తి."

చక్కెర ఫ్యాక్టరీలో వైర్‌మెన్ల వెనక నిలబడి నేర్చుకున్న పని నాది. బల్బు ఎలా వెలిగించారో చూశాను. గుంతలో నీళ్లెందుకు పోసేవారో అడగలేదు.

కరెంటు ఆపి బల్బు తీగ విప్పేశాను. డబ్బా తీగ బిగించి, గుంత తడిపాను. కోడలికి క్షమాపణ చెబితే నవ్వింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

మీ షెడ్డులోనూ బల్బు ఎర్తు మీద వెలుగుతోందా? ఇక్కడ చెప్పండి, తిట్టి మరీ చెప్పండి.

తిరిగొస్తూ, నేను అలాగే బల్బు పెట్టిన చందూర్ షెడ్డుకు కూడా వెళ్లాను. తాళం వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే బల్బు వెలుగుతోంది.