ఆఖరి పేజీలో పోయిన నత్తి

నా బిడ్డకు నత్తి. ఆరో తరగతి చదువుతోంది. నాది కరీంనగర్‌లో గ్రానైట్ బండలు కొలిచే పని. లెక్కలు ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఆమె టీచరు ఇచ్చిన కథల పుస్తకాన్ని కూడా కొలిచినట్టే చదివాను.

అందులో నత్తి ఉన్న పిల్లవాడు ఒకడు. వాడి మాట ఎక్కడ తడబడినా మొదటి అక్షరాన్ని మూడుసార్లు అచ్చువేశారు. ప్రతిసారీ మూడే! నా బిడ్డకు అలా కాదు. నోరు తెరుచుకుంటుంది, మెడ నరం బిగుస్తుంది, శబ్దం రాదు. ఆమె మాటలను నేనిక్కడ విరిచి రాయను. ఆఖరి పేజీలో ఆ పిల్లవాడు వేదికెక్కి గడగడా మాట్లాడతాడు. నత్తి ఎలా పోయిందో కథలో లేదు.

టీచరు తరగతిలో ఆ పేజీనే చదివించింది. గడగడా చెప్పాల్సిన మాట దగ్గరే నా బిడ్డ ఆగిపోయింది.

"గీడ నత్తి లేదు గదమ్మా, పుస్తకంల ఉన్నట్టు చదువు," అందట టీచరు. తరగతంతా నవ్వింది.

మర్నాడు బిడ్డ సంచి ముట్టలేదు. "నేను బడికి పోను బాపూ. గా పిలగానికి పోయింది, నాకు పోలే."

నేనే బడికి వెళ్లాను.

"ధైర్యం వస్తదని ఇచ్చిన," అంది టీచరు.

"టేపు తప్పుగ పట్టుకొని బండ పొట్టిగున్నదంటే మా దగ్గర పనిల నుంచి తీసేస్తరు మేడం. నత్తి ఉండంగనే గెలిచే పిల్లల కథ ఉంటే ఇయ్యిండ్రి."

అలమారంతా వెతికింది. లేదు. నత్తి ఊసే లేని కథ ఒకటి తెచ్చుకున్నాను. పెళ్లిలో అలిగి సైకిలెక్కిపోయిన మేనత్త కథ.

సాయంత్రం బిడ్డ గడపలో కూర్చుని పైకి చదివింది. సైకిలెక్కింది ఎవరో చెప్పబోయి, మొదటి అక్షరం పలికి ఆగింది. పక్కింటి పెద్దాయన ఓపిక పట్టలేకపోయాడు.

"మేకనే గద బిడ్డా!"

"మేక సైకిలెక్కుతదా పెద్దబాపూ? మేనత్త!"

ఆయన పడీపడీ నవ్వి, తర్వాతి మాట కూడా అందించబోయాడు.

"ఆమె మాట ఆమెను అననియ్యి అన్నా," అన్నాను.

"సాయం చేస్తున్న తమ్మీ."

"అడిగిందా నిన్ను?"

ఆయన ముఖం ముడుచుకుని లోపలికి వెళ్లాడు. వెళ్లనీ.

"గిదైతే బడిల చదువుత బాపూ," అంది బిడ్డ. "ఎవ్వలు మధ్యల అందియ్యద్దు."

పొద్దున ఆమెతోపాటే వెళ్లి టీచరుకు ఆ మాట చెప్పాను.

"ఆమె చదివేలోపల బెల్లు కొడితే?" అంది.

"కొట్టనియ్యిండ్రి," అన్నాను.