భీమిలి కొండ కోసం

చేపలుండే చోటు పట్టుకోవడానికి అసిరయ్యకు యంత్రాలు అక్కర్లేదు. ఒడ్డునున్న కొండా లైట్‌హౌసూ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, అక్కడ వల దింపేవాడు. షాదీపూర్ జాలర్లంతా ఆయన వెనకే వెళ్ళేవారు.

నడుం విరిగిన ఏడాది డాక్టరు పది రోజులకని నిద్రమాత్రలు రాశాడు. అసిరయ్య పదేళ్ళు మింగాడు. మొదట నొప్పికి నిద్రపట్టక, తర్వాత ఆ మత్తు కోసమే.

"దిమాగ్ పాడైపోద్ది, మానీ మావా," అని భార్య కాళమ్మ మొత్తుకునేది.

"డాక్టరు బాబు ఇచ్చిందేనే," అనేవాడు.

మొన్న పొద్దున్న సముద్రంలో పడవ ఆపి, ఒడ్డుకేసి చాలాసేపు వెతికాడు. "భీమిలి కొండ కనపడ్నేదేట్రా?" అని తమ్ముడు నూకన్నను అడిగాడు. భీమిలి వదిలి అండమాన్‌కొచ్చి నలభై ఏళ్ళయింది. నూకన్న పడవ వెనక్కి తిప్పాడు.

"మాత్రల వల్లో, వయసు వల్లో చెప్పలేమమ్మా," అన్నాడు ఆస్పత్రిలో కొత్త డాక్టరు. చెప్పలేనివాళ్ళు రాయడం మాత్రం ఎలా రాశారని కాళమ్మకు కడుపు మండిపోయింది.

ఇప్పుడు అసిరయ్యకు ఆమె పేరు కూడా తడుముకుంటేగాని రాదు. పొద్దు వాలితే మాత్రం, ఎవరూ గుర్తు చేయకుండానే చెయ్యి చాస్తాడు.

"నా బిళ్ళేదే?"